దొరసాని మెడ

మెడ పట్టింది. ఇందాకటిదాకా వీపు మీదకి ఎక్కుతూ, జారుతూ, మళ్ళీ ఎక్కుతూ ఉన్నది కాస్తా తలకీ ఛాతీకీ నడుమ ఉన్న ఆ సన్నటి సందు దొరకబుచ్చుకుని కోరలు దించింది. ఇక వదలదు. వదలదని చీమలు పెంచేవాళ్ళందరూ ఒకే మాట చెప్పారు, ఒకసారి మెడ దొరికిందంటే రోజులు పట్టినా వారాలు పట్టినా అలాగే ఉంటుందట. మిరాన్ గోడ గడియారం చూసింది. నాలుగూ అయిదు. అక్క అయిదింటికల్లా వస్తానంది. ఆదివారం, కొట్టుకి సెలవు, జేచన్‌లో ఎవరిదో పెళ్ళని అక్క ఓక్‌బున్ పొద్దున్నే బస్సెక్కింది, ఇంట్లో మిరాన్ ఒక్కతే, అక్క గదిలో, అక్క కుర్చీలో, అక్క చీమల గూటి ముందు, ఎర్ర జిలెటిన్ కాగితం అంటించిన గాజుకి ముక్కు ఆనించి కూర్చుంది. ఎర్ర వెలుగు చీమలకి కనబడదంటారు. వాటికి కనబడకపోతేనేం, మనకి కనబడుతుంది కదా. లోపల అక్క తొమ్మిదేళ్ళుగా పెంచుతున్న రాణి, దొరసాని అని పిలుచుకునే రాణి, నల్లగా నిగనిగలాడుతూ ఒక పక్కకి ఒరిగి ఉంది. దాని మెడ మీద మిరాన్ తెచ్చి వదిలిన రాణి, దానిలో సగం ఉంటుందేమో. మిరాన్ ఒళ్ళో చిన్న పట్టకారు ఉంది. మొదటి గంటలోపు జాగ్రత్తగా విడదీస్తే పెద్దది బతకొచ్చు, ఆ తర్వాత ఆశ పెట్టుకోవద్దు, అని కూడా చెప్పారు వాళ్ళు. గంట అంటే అక్క వచ్చేలోగా. తీస్తే ఈలోగా తీయాలి, లేదంటే చూస్తూ కూర్చోవాలి. చూద్దాం కాసేపు, అనుకుంది మిరాన్, కొంపలేం మునిగిపోలేదు.

చూడ్డానికి బాగానే ఉంది, అందులో దాచుకోడానికేముంది. దొరసాని చుట్టూ పనిచీమలు ఎప్పటిలాగే తిరుగుతున్నాయి, ఒకటి వచ్చి దొరసాని పొట్ట నాకి పోయింది, ఇంకొకటి వచ్చి మెడ మీద ఉన్నదాన్ని కూడా నాకింది, వాసన చూసింది, మనదేలే అనుకుని పోయింది. ఒక్కటంటే ఒక్కదానికి అర్థం కాలేదు. కళ్ళ ముందు తల్లి గొంతు పిసుకుతుంటే దారిన పోయేవాళ్ళలా పోతున్నాయే, ఎంత బుద్ధితక్కువ జాతి, దీనికేనా అక్క తొమ్మిదేళ్ళ నుంచి తేనె పట్టిందీ, మీల్‌వర్మ్ పురుగుల్ని తుంచి పెట్టిందీ, చలికాలం వస్తే గూడు ఎంత చల్లగా ఉందో రోజుకి మూడుసార్లు చూసుకుందీ. దొరసాని ముందరి కాలు ఒకటి గాలిలో లేచింది, దేన్నో తడుముకుంది, మళ్ళీ దిగింది. గడ్డిపోచ తగిలితే కాలు విదిలించుకున్నట్టు. గడ్డి. ఆ రోజు అక్క కొడవలి గడ్డిలో సరసరమంటూ ఎంత కోపంగా తిరిగిందని.

పెద్దల్ని తలుచుకునే చుసొక్ పండక్కి రెండు వారాల ముందు అమ్మ సమాధి మీద గడ్డి కోయడానికి వెళ్ళారు ఇద్దరూ. అక్క కోస్తోంది, తను పోగు చేస్తోంది, అక్క ఒక్క మాటా మాట్లాడటం లేదు, ఎందుకంటే ముందు రోజు మాట్లాడాల్సిందంతా మాట్లాడేసింది. అక్కది బట్టలు సరిచేసే కొట్టు, అపార్ట్‌మెంట్ల కింద, కూరగాయల కొట్టుకీ చికెన్ కొట్టుకీ నడుమ ఇరుక్కుని ఉంటుంది. అక్కడ మిరాన్ పని కుట్లు విప్పడం, దారాలు ఏరడం, ఊడవడం. సియోల్‌లో కాఫీ కొట్టు మూతపడి, మొగుడు వదిలేసి, రెండు పెట్టెలతో వోన్‌జూ వచ్చి అక్క ఇంట్లో దిగి ఏడాదిన్నర. ఆ ముందు రోజు ఎవరిదో ఉన్ని కోటు అంచు రెండు అంగుళాలు ఎక్కువ కత్తిరించేసింది, ఆ కోటు మనిషి ఎదురుగానే నిలబడి ఉంది, అక్క ఆవిడకి వంగి దణ్ణం పెట్టి, మొహం ఎత్తకుండానే అంది: "ఏం చెయ్యమంటారండీ, ఇంట్లో పరాన్నభుక్కుని పెట్టుకున్నాను. తినేది నా ఇంట్లో, పాడు చేసేది నా పేరు." ఆ కోటావిడ నవ్వింది. నవ్వకపోయి ఉంటే మర్చిపోయేదేమో మిరాన్. నవ్వింది కాబట్టి ఆ మాట గుండెల్లో మేకులా దిగిపోయింది, ఆ మర్నాడు కొండ ఎక్కుతుంటే అడుగుకొకసారి కలుక్కుమంది.

అప్పుడు కనబడింది అది. అమ్మ సమాధి దిబ్బ మీద, అక్క అప్పుడే కోసిన మోళ్ళ మధ్య, నల్లగా, రెక్కలు రాల్చుకుని, భుజాల మీద రెక్కలూడిన మచ్చలతో, ఎక్కడికో పనున్నట్టు నడుచుకుంటూ పోతోంది. ఏడాదిన్నరగా అక్క గూడు దూరం నుంచి చూసీ చూసీ ఆమాత్రం తెలుసు మిరాన్‌కి, రెక్కలూడిన మచ్చలుంటే రాణి అని. అమ్మకి నైవేద్యంగా సోజు సారా పోసిన కాగితపు కప్పు ఖాళీ చేసి దాని మీద బోర్లించింది. "అది అమ్మ కప్పే," అంది అక్క. ఆ రోజు అక్క అన్న మొదటి మాట అది. "అక్కా, రాణి, రాణి దొరికింది చూడు, అమ్మ దగ్గర దొరికింది," అని చిన్నపిల్లలా గంతులేసింది మిరాన్, నలభై ఏడేళ్ళ మనిషి, సిగ్గు లేకుండా, ముందు రోజు అన్న మాట కూడా మర్చిపోయి. అక్క కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని కప్పులోకి చూసింది. మిరాన్ మొహంలోకి చూసింది. మళ్ళీ కప్పులోకి చూసింది. "ఆఁ, పెద్ద నల్లచీమే. మా దొరసాని జాతే," అంది. "అమ్మ ఉన్నన్నాళ్ళూ నీకే పెట్టేది, పోయాక కూడా నీకే పెట్టింది. తీసుకో."

పైగా పాఠం ఒకటి. గాజు గొట్టంలో సగం నీళ్ళు పొయ్యి, దూది కుక్కు, రాణిని వదులు, మళ్ళీ దూది పెట్టు. చీకట్లో పెట్టు. నెల రోజులు తీయకు, ఊపకు, తిండి పెట్టకు. "నల్లచీమ రాణికి ఎవరూ పెట్టక్కర్లేదు. తన రెక్కల కండ తనే కరిగించుకుని మొదటి పిల్లల్ని సాకుతుంది. అందరిలాగా ఎవరింటికో వచ్చి కూర్చోదు." ఆ చివరి మాట ఎవరికో తెలియదూ. అయినా పడింది మిరాన్. మేజోళ్ళ అరలో, చలికాలపు ఉన్ని మేజోళ్ళ అడుగున పెట్టింది గొట్టాన్ని. ఇరవై ఆరు రోజులు చూడలేదు. చూడలేదంటే, రెండుసార్లు చూసింది, కానీ ఒక్క రెప్పపాటు, తప్పు చేసినదానిలా. కొట్టులో కుట్లు విప్పుతుంటే ఎవరేమన్నా ఆ అరే గుర్తొచ్చేది. నాకూ ఒకటుంది అనుకునేది. ఒక రాణి, తర్వాత పది పిల్లలు, తర్వాత వంద, నా గూడు, నా గది, నా తలుపు. చీమ పేరు చెప్పుకుని మనిషి ఎన్ని కట్టుకుంటుందో. రాణికి పేరు కూడా పెట్టింది, చిన్నది అని. అంతకన్నా మంచి పేరు తోచలేదు.

నాలుగుంబావు. దొరసాని నడవాలని చూసింది. రెండడుగులు వేసి, మెడ మీది బరువుకి తల నేలకి తగిలి, ఆగిపోయింది. దాని పొట్ట కింద గుడ్ల కుప్ప ఉంది, పనిచీమలు ఆ గుడ్లని నోటితో పట్టుకుని అవతలి గదిలోకి మోసుకుపోతున్నాయి, ఎవరో చెప్పినట్టు. మిరాన్ పట్టకారు చేతిలోకి తీసుకుంది. చల్లగా ఉంది. అక్క పట్టకారే. అక్కది కానిది ఈ ఇంట్లో ఏముంది, తను పడుకునే పరుపు అక్కది, తాగే కప్పు అక్కది, చివరికి ఈ చిన్నదాన్ని గుర్తుపట్టిన కళ్ళు కూడా అక్కవే, గురువారం దాకా.

గురువారం కొట్టు నుంచి ముందు పంపించేసింది అక్క, తలనొప్పిగా ఉందంటే. ఇంటికొచ్చి అర తీసింది. గొట్టం కిటికీ వెలుగులో పెట్టి చూసింది. గుడ్డు లేదు. ఒక్కటి లేదు. అంచున దూది మీద పసుప్పచ్చని మరక ఒకటి, బూజు కాబోలు. నీ ఖర్మ ఇంతేనే అనుకుంది. ఎవరినైనా అడుగుదామని ఫోటో తీయబోయింది. ఏ చీమ ఫోటో అయినా పక్కన పది వోన్‌ల నాణెపు బిళ్ళ పెట్టి తీయాలి, కొలత లేని ఫోటో పెళ్ళిచూపుల ఫోటో ఒకటే అని అక్కే చెప్పింది ఎప్పుడో. పెట్టింది బిళ్ళ. అప్పుడే ఏదో తేడాగా తోచింది. అక్క గదిలో గోడకి దొరసాని ఫోటో ఉంది, తొమ్మిదేళ్ళ కిందటిది, బిళ్ళ పక్కనే, ఈ కొస నుంచి ఆ కొసకి సరిగ్గా బిళ్ళంత. ఈ చిన్నది బిళ్ళలో సగానికి వచ్చి ఆగిపోయింది. ఒక జాతి రాణులు ఒకటి గుమ్మడికాయంతా ఒకటి గోళీకాయంతా ఉంటాయా. ఫోన్‌లో బొమ్మని పెద్దది చేసి చూసింది. దొరసాని వీపు నున్నగా గులకరాయిలా ఉంటుంది. దీని వీపు మీద, నడుము దగ్గర, రెండు పొట్టి కొక్కేలు, గులాబీ కొమ్మకి ఉంటాయే, అలాంటివి. ఇరవై ఆరు రోజులు తన మేజోళ్ళ కింద ఉన్నదానికి ముళ్ళున్నాయని మిరాన్‌కి తెలియదు.

ఫోన్‌లోనే చీమలు పెంచేవాళ్ళ గుంపులో పెట్టింది ఫోటో. పుట్టకాపరి అనే పేరుతో ఎవరో వెంటనే అందుకున్నారు.

"ఎప్పుడు పట్టారండీ?"

"సెప్టెంబరులో. కొండ మీద."

"ఎవరైనా నల్ల పెద్దచీమ అన్నారా? అవి మే, జూన్‌లలో ఎగురుతాయి, సెప్టెంబరులో ఎక్కడివి. ఇది ముళ్ళచీమ. పరాన్నభుక్కు. సొంతంగా గూడు కట్టడం దీని వల్ల కాదు. నల్లచీమల గూట్లో దూరి, ఆ రాణి మెడ కొరికి చంపి, ఆ పిల్లల చేతే తన పిల్లల్ని సాకించుకుంటుంది. గొట్టంలో ఉంచితే చచ్చేదాకా ఉంటుంది, అంతే."

"ఇరవై ఆరు రోజులైంది గొట్టంలో పెట్టి."

"తిండి లేకుండానా? మొండిది, ఇంకా బతికుందే. అలా పెట్టమని ఎవరు చెప్పారు?"

"తొమ్మిదేళ్ళుగా పెంచుతున్న ఒకావిడ."

"తొమ్మిదేళ్ళు పెంచిన మనిషికి కళ్ళు మూసుకున్నా తెలుస్తుందండీ ఇది. మిమ్మల్ని ఆట పట్టించి ఉంటారు." కింద నవ్వు గుర్తులు మూడు. ఆ కోటావిడ నవ్విన నవ్వే.

ఆట పట్టించారు. అంటే తెలుసు. కప్పులోకి చూసి, తన మొహంలోకి చూసి, మళ్ళీ కప్పులోకి చూసినప్పుడే తెలుసు. పరాన్నభుక్కు చేతికి పరాన్నభుక్కు దొరికింది, పైగా అమ్మ సమాధి మీద, ఇంతకన్నా పండగేముంది అక్కకి. నెల రోజులు చూడకు అంది. నెల తర్వాత గొట్టంలో ఎండిపోయిన చీమని పట్టుకుని తను ఏడుస్తూ వస్తే, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని, "నువ్వు ముట్టుకున్నది ఏది బతికిందే?" అనడానికి. ఆ మాట ఎలా అంటుందో, ఏ అక్షరం దగ్గర ఆగుతుందో కూడా వినబడింది మిరాన్‌కి. తర్వాత పుట్టకాపరిని అడిగింది, చాలా మర్యాదగా అడిగింది, మరి దీన్ని నల్లచీమల గూట్లోకి పంపాలంటే ఎలాగండీ అని.

ముందు ఒళ్ళు వాసన మారాలి. అక్క గూటికి కలిపిన తిండిపెట్టెలో తేనె చుక్క పెట్టి మూడు పనిచీమల్ని పట్టింది. డబ్బాలో వేసి కిమ్చీ పచ్చళ్ళ ఫ్రిజ్‌లో, ముల్లంగి కిమ్చీ పక్కన పెట్టింది, అవి చలికి కదల్లేక మందగించాక చిన్నదాన్ని వాటి మీద వదిలింది. చిన్నదానికి ఎవరూ నేర్పలేదు. ఒకదాని వీపెక్కి, కాళ్ళతో దాని ఒళ్ళు తుడిచి తన ఒళ్ళుకి పూసుకుంది, మళ్ళీ తుడిచింది, మళ్ళీ పూసుకుంది, పెళ్ళికి నూనె రాసుకునేదానిలా, ఓపిగ్గా, శుక్రవారమంతా, శనివారమంతా. ఆ మూడూ చచ్చిపోయాయి. శనివారం అక్క ఆ ఫ్రిజ్ తెరిచి కిమ్చీ తీసి, "ఈ డబ్బా ఏమిటే?" అంటే, "పులిసిన పిండి" అంది మిరాన్. ఇవాళ అక్క గుమ్మం దాటగానే, పాత ప్యాంట్లు నాలుగు మడిచి సంచిలో పెట్టుకుని మరీ వెళ్ళింది మహాతల్లి, పెళ్ళికెవరైనా పాత ప్యాంట్లు పట్టుకెళ్తారా, ఏ చుట్టానికి ఊరికే కుట్టిపెట్టి మంచి అనిపించుకోడానికో, గుమ్మం దాటగానే చిన్నదాన్ని తిండిపెట్టెలో వదిలింది. సొరంగం మొదట్లో కాపలా చీమలు రెండు వచ్చి మీసాలతో తట్టాయి. చిన్నది కదల్లేదు, తల వంచుకుని నిలబడింది. ఎంత వినయమనీ. సరే పొమ్మన్నాయి. కొత్త కోడలిలా లోపలికి పోయింది. గదులన్నీ తిరిగి తిరిగి మధ్యాహ్నం దాటాక దొరసాని గది పట్టుకుంది.

నాలుగూ ఇరవై అయిదు. దొరసాని నోరు తెరిచి నాలుక చాపింది, ఆకలేసి కాదు, పనిచీమని పిలవడానికి. వచ్చింది ఒకటి. నోట్లో నోరు పెట్టి తేనె పోసింది. మెడ మీదిది కోరలు వదలకుండానే మీసాలతో దాన్ని తట్టింది, అది దీనికీ పోయబోయింది, నోరు ఖాళీ లేదు కదా, చుక్క పక్కకి కారిపోయింది. చంపేదానికీ చచ్చేదానికీ ఒకే చెంచా. చెంచాతో అక్క అమ్మకి గంజి పట్టేది. మూడేళ్ళు. అమ్మ తల నిలబడేది కాదు, అక్క ఎడమ మోచేతి మీద ఆ తలని ఆనించుకుని, కుడిచేత్తో చెంచా పెట్టి, గొంతు నిమిరి మింగించేది. ఇది మిరాన్ చూసింది ఒక్కసారే, ఒక పూట వచ్చి వెళ్ళినప్పుడు. వెళ్ళేటప్పుడు అమ్మ నోట్లోంచి మిరాన్ అన్న మాట ఒక్కటే వచ్చింది, అక్క పేరు ఆ నోట రాగా ఎవరూ వినలేదు. తర్వాత అక్క ఫోన్ చేసింది, "రావే, నిన్నే అడుగుతోంది" అని. ఈ వారం కుదరదు, కొట్టులో మనుషుల్లేరు అంది తను. వచ్చేవారం అంది. వచ్చేసరికి అమ్మ పోయి, శవం ఆసుపత్రిలో పెట్టి రెండోరోజు. తన గోళ్ళకి ఎర్ర రంగుంది, తీయడం మర్చిపోయింది, దేవుడి మీద ఒట్టు, మర్చిపోయింది. అక్క ఆసుపత్రి శవాల గది పక్కన నీళ్ళ పంపు దగ్గరికి లాక్కుపోయి, ఎవరి సంచిలోంచో రంగు తీసే మందు సీసా తెచ్చి, పది గోళ్ళూ తనే తుడిచింది, చర్మం మండి రక్తం వచ్చేదాకా తుడిచింది. కొట్టినా బాగుండేది.

అమ్మ పోయిన నలభై తొమ్మిదో రోజు దాటిన మర్నాడు, జూన్ వాన వెలిశాక, కొట్టు గడప మీద దొరికింది దొరసాని. అక్కే చెప్పింది, అదీ మిరాన్‌తో కాదు, ఎవరో బట్టలిచ్చే మనిషితో. అమ్మ మంచం తీసేశాక ఆ గదిలో చేతులకి పని లేక పిచ్చెక్కేదట, దొరసాని వచ్చాక నిద్రపట్టిందట. అందుకే కదా ఇక్కడే పెట్టుకుంది, మంచం ఉన్న చోటే. అందుకే కదా మిరాన్ కూడా ఇక్కడికే వచ్చింది. ఎక్కడ కొడితే తగులుతుందో అక్కచెల్లెళ్ళకి తెలిసినంత పగవాళ్ళకి తెలియదు. ఇంటికి రాగానే కోటు విప్పకుండా ముందు ఈ గాజు దగ్గరికొచ్చి, "ఏమ్మా, తిన్నావా?" అని అడుగుతుంది అక్క, గొంతులో పట్టు పరిచినట్టు. ఏడాదిన్నరలో మిరాన్‌ని ఒక్కనాడు అడిగిందా ఆ మాట. కిందటి నెల జ్వరంతో మూడు రోజులు పడుకుంటే గది గుమ్మం దగ్గర గంజి గిన్నె పెట్టి తలుపు మీద కాలితో తన్ని పోయేది, కుక్కకి పెట్టినట్టు. మిరాన్ పట్టకారు మళ్ళీ ఒళ్ళో పెట్టేసింది.

పెట్టేసి, ఎలా ఉంటుందో ముందే చూసుకుంది. నాలుగు రోజులో అయిదు రోజులో. ఒకనాడు అక్క గాజు దగ్గర వంగి, "ఏమ్మా," అని ఆగిపోతుంది. తల ఒకచోట ఒళ్ళు ఒకచోట. మిరాన్ వెనక నిలబడి ఉంటుంది, చేతులు కట్టుకుని, జాలిగా. వయసైపోయింది కదక్కా, అంటుంది. అక్క వంటి మనిషి ఏడుస్తుందా. అమ్మకి ఏడవలేదు. దీనికి ఏడుస్తుంది. ఆ ఏడుపు చూడాలి. చూశాక చచ్చిపోయినా ఫర్వాలేదు. అలా అనుకుంటే ఒళ్ళంతా వెచ్చబడింది, చలిలో వేడి గంజి తాగినట్టు. మళ్ళీ గంజేనా. ఆ గిన్నె అడుగున, ఇప్పుడు గుర్తొస్తోంది ఎందుకో, ప్రతిసారీ గుడ్డు సొన ఒకటి దాచి ఉండేది, గంజి తాగుతూ పోతే చివరికి తగిలేది. అక్క తను తినే గంజిలో గుడ్డు వేసుకోగా చూడలేదు. ఉంటే ఉండనీ, గుడ్డుకి పడిపోతారా మనుషులు.

నాలుగూ నలభై. దొరసాని ఇప్పుడు నడవడం మానేసింది. తల ఒక పక్కకి వాలిపోయింది. మోచేతి మీద ఆనినట్టు వాలిపోయింది, ఆ వాలిన తీరు మిరాన్‌కి తెలుసు, ఒక్కసారే చూసినా తెలుసు. ముందరి కాలు లేపి తన మీసం తను తుడుచుకోబోయింది, అందలేదు, మళ్ళీ లేపింది, అందలేదు. పక్కన వంద పిల్లలున్నాయి. ఏ ఒక్కటీ తుడవలేదు. సరేలే. చాల్లే. చూసింది చాల్లే. గంట కాలేదు ఇంకా, పుట్టకాపరి చెప్పాడుగా బతకొచ్చని. తీసేస్తే సరి, చిన్నదాన్ని కిటికీలోంచి పారేసి, గొట్టం కడిగేసి, పారిపోయిందక్కా అంటే సరి, తిట్టనీ, తిడితే తిట్టనీ. పట్టకారు తీసుకుంది. గూటి మూత మర ఒక చుట్టు తిప్పింది. ఎందుకో ఆగింది, ఇంకా పావుగంట ఉంది, తొందరపడకూడదు, మెల్లగా, కోరల దగ్గర పట్టి, మెల్లగా.

వీధి తలుపు తాళం మోగింది. అంకెల తాళం, ఆరు అంకెలు, అమ్మ పుట్టినరోజు. అక్క తాళం దగ్గర కళ్ళజోడు పెట్టుకోదు కాబట్టి ఒక్కో అంకె వెతికి నొక్కుతుంది. పిప్, మూత ఊడింది. పిప్, పట్టకారు లోపలికి పోయింది, చీమలు దాని మీదికి ఎగబాకి మిరాన్ వేళ్ళు కరిచాయి. పిప్, దొరికింది, చిన్నదాని నడుము దొరికింది, కొక్కేలు పట్టకారుకి తగిలాయి. పిప్, రాదు, వదలదు, దొరసాని ఒళ్ళు కూడా దాంతో లేచింది, ఆరు కాళ్ళూ గాలిలో. పిప్, విదిలించు, గట్టిగా, ఇంకా గట్టిగా. పిప్, ఏదో తెగింది, దారం తెగినంత తేలిగ్గా, పట్టకారు పైకి వచ్చేసింది. చివర చిన్నది. దాని కోరల్లో దొరసాని తల, మీసాలు ఇంకా ఊగుతున్నాయి. కింద ఒళ్ళు గుడ్ల మీద పడి ఉంది. పనిచీమలు వచ్చి దాని పొట్ట నాకుతున్నాయి.

"ఎక్కడున్నావే? వచ్చి ఈ పెట్టె పట్టుకో. కుదపకు, ప్రాణాలున్నాయి లోపల."

మూత బిగించింది. పట్టకారు కుర్చీ కిందికి పోయింది. చిన్నదాన్ని కుడి గుప్పిట్లో మూసుకుని గదిలోంచి బయటికి వచ్చింది మిరాన్. అక్క చెప్పులు విప్పుకుంటోంది, పక్కన తెల్ల థర్మకోల్ పెట్టె, తాడుతో కట్టి. మొహం ఎండకి వాడి ఉంది, కానీ ఏదోలా ఉంది, ఆ మొహం మీద అలాంటిది మిరాన్ చిన్నప్పుడెప్పుడో చూసి ఉంటుంది.

"జేచన్‌లో చీమలు పెంచే ముసలాయనవి. ఎండాకాలంలో ఆయన నల్లచీమల రాణి చచ్చిపోయింది. రెండొందల పిల్లలు, తల్లి లేదు. అడిగితే ఇవ్వనంటాడు, మూడు వారాలు తిప్పించుకున్నాడు, వాళ్ళింటిల్లిపాది ప్యాంట్లూ నా చేత కుట్టించుకుంటే గానీ వదల్లేదు. అలా చూస్తావేం? నీ దానికే. నీదాన్ని వీటిలో పెడితే ఎవర్నీ చంపే పని లేదు. హాయిగా రాణి అయిపోతుంది."

మిరాన్ గుప్పిట వీపు వెనక్కి పెట్టుకుంది.

"ఆ రోజే తెలుసు నాకు అది ఏమిటో," అంది అక్క, నేల మీద కూర్చుని పెట్టె తాడు విప్పుతూ, మొహం ఎత్తకుండా. "అమ్మ దగ్గర దొరికిందని గంతులేస్తున్నావు. ముందు రోజే నిన్ను నలుగురిలో ఆ మాట అని ఉన్నాను. మళ్ళీ దాన్నీ అదే మాట అనమంటావా నన్ను? నోరు రాలేదు. నెల రోజులు చూడకు అన్నానంటే ఈలోగా వీటిని సంపాదిద్దామని. భయపడకు, చావలేదులే అది. నువ్వు కొట్టు ఊడుస్తున్నప్పుడు, మొన్న బుధవారం దాకా, రోజు విడిచి రోజు ఇంటికొచ్చి తేనెనీళ్ళు అద్దుతూనే ఉన్నాను దూదికి. పసుపు మరక చూడలేదా? చూడమంటే చూడవు, చూడొద్దంటే చూస్తావు." తాడు ముడి ఊడింది. అక్క లేచి నడుము పట్టుకుంది. "పో, గొట్టం పట్టుకురా. ఏమైనా తిన్నావా పొద్దున్నుంచి? మొహం అలా ఉందేం?"

అడిగింది. అదే మాట, ఇంచుమించు అదే గొంతు. మిరాన్ తల అడ్డంగా ఊపింది. దేనికి అడ్డంగా ఊపిందో తనకే తెలియదు.

"ఉండు, వండుతాను. ముందు మా దొరసానికి ఒకసారి మొహం చూపించి వస్తాను," అని అక్క కోటు విప్పకుండానే గదిలోకి వెళ్ళింది. కుర్చీ జరిగిన చప్పుడు. దీపం మీట నొక్కిన చప్పుడు.

"ఏమ్మా, తిన్నావా?"

మిరాన్ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. గుప్పిట్లో చిన్నది కదులుతోంది, ముళ్ళు అరచేతికి గుచ్చుకుంటున్నాయి. పట్టిన తలని అది ఇంకా వదల్లేదు.